పడవ వెనక్కి ఏ లంగరు?

పోయిన ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు డాలస్ నుంచి మా బావమరిది వీడియో కాల్ చేశాడు. వాళ్లకక్కడ పొద్దున పదకొండు. ఇంటి ముందు ట్రైలర్ మీద, ఈ మధ్యే కొన్న సెకండ్ హ్యాండ్ పవర్‌బోటు. 21 అడుగుల పొడవు, వెనకాల 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. దాని చుట్టూ రెండు రౌండ్లు తిరిగి చూపించాక అసలు సంగతికొచ్చాడు.

"బావా, ముంగటికి లంగరు ఉన్నది. ఎనకకు ఒకటి కొంటున్న. ఈ మూడిట్ల ఏది తీసుకోమంటవ్?"

స్క్రీన్ మీద మూడు బొమ్మలు. ఒకటి నాగలి కర్రులా ఉంది. ఒకటి గొడుగులా మడిచి సంచిలో పెట్టుకునేది. మూడోది రెండు పలకలతో చదునుగా ఉంది. మూడింటికీ నాలుగున్నర స్టార్లే.

హైదరాబాద్‌లో ఉండి లంగర్ల గురించి చెప్పేదేముందని మీకు అనిపించవచ్చు. నేను సముద్రం పక్కన పుట్టినవాణ్ని కాదు. కానీ కొన్నేళ్లు హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ పోటీలప్పుడు సేఫ్టీ బోటు నడిపాను. పోటీ మొదలయ్యే గీత దగ్గర, మలుపు చూపించే బోయల (నీటి మీద తేలే గుర్తులు) దగ్గర, పడవని గంటల తరబడి ఒకే చోట నిలబెట్టాలి. లంగరుతో నా పరిచయమంతా ఆ నల్లటి బురదలోనే అయింది. మా ఇంట్లో పడవ అనగానే ఫోను నాకే వస్తుంది.

"ఎనకకు ఎందుకురా?" అని అడిగాను.

"అందరు ఏస్తుండ్రు బావా."

చిక్కంతా ఇక్కడే ఉంది. ముందు లంగరు ఎందుకని ఎవరినీ అడగక్కర్లేదు. పడవ కొట్టుకుపోకుండా ఆపడానికి. వెనక లంగరు అలా కాదు. అది ఏ పనికో తేల్చుకోకుండా ఏది కొనాలో తేల్చుకోలేం. ఇంకో విచిత్రం ఏమిటంటే, ముందు లంగరుకు దోషం అనుకునే గుణం వెనక లంగరుకు వచ్చేసరికి అసలు దోషమే కాదు. అందుకే రివ్యూలు చదివి కొంటే తప్పటడుగు పడుతుంది. ఆ రివ్యూలు దాదాపు అన్నీ ముందు లంగరుగా వాడినవాళ్లు రాసినవే.

ముందు చేయకూడని పని

కోస్తా పడవల వాళ్లు పడవ ముందు భాగాన్ని అణియం అంటారు, వెనక భాగాన్ని అమరం అంటారు. మా దగ్గర ఆ మాటలు వాడుకలో లేవు, ముందు వెనక అనే అంటాం. పేరేదైనా, ఈ రెండు చివర్లను ఒకేలా కట్టలేదన్నది గుర్తుంచుకోవాలి. అణియం కోసుగా, ఎత్తుగా ఉంటుంది. అల వస్తే దాన్ని చీల్చి పైకి లేస్తుంది. వెనక భాగం గోడలా చదునుగా, నీటికి దగ్గరగా ఉంటుంది. పైగా బరువంతా అక్కడే. 150 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ ఒక్కటే 200 కిలోలు దాటుతుంది. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు కూడా ఎక్కువగా ఆ వైపే పెడతారు. కూర్చునే మనుషులు కూడా అటే చేరతారు.

అలాంటి పడవని ఒక్క వెనక లంగరుతో కట్టేస్తే ఆ చదును గోడ గాలికీ అలకీ ఎదురుగా నిలబడుతుంది. లంగరు తాడు దాన్ని ఇంకా కిందికి లాగుతుంటుంది. ఒక అల గోడ దాటి లోపలికి దూకిందంటే లెక్క మారిపోతుంది. అయిదు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉన్న నేల మీద పది సెంటీమీటర్ల నీళ్లు నిలిస్తే అది ఒక టన్ను. ఆ టన్ను ఒకచోట కుదురుగా ఉండదు. బరువున్న వైపుకే, అంటే వెనక్కే, పారుతుంది. వెనక భాగం ఇంకాస్త దిగుతుంది, తర్వాతి అల ఇంకా సులువుగా ఎక్కుతుంది. మూడో అలతో కథ ముగిసినా ఆశ్చర్యం లేదు.

నాకు ఇది పుస్తకం చదివి తెలియలేదు. ఒక మధ్యాహ్నం బోయ దగ్గర సేఫ్టీ బోటు ఆపాలి. ముందుకెళ్లి వంగి కట్టడం బద్ధకమై, కూర్చున్న చోటి నుంచే లంగరు వేసి వెనక క్లీటుకి, అంటే తాడు చుట్టే కొమ్ముకి, చుట్టేశాను. గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి. పది నిమిషాల తర్వాత ఒక పెద్ద లాంచీ బుద్ధుడి విగ్రహం వైపు వెళ్లింది. దాని వెనక లేచిన అలలు మూడు వరసగా వచ్చాయి. మొదటిది చెప్పులు తడిపింది. రెండోది పిక్కల దాకా తెచ్చింది. తాడు విప్పుదామంటే బిగుసుకుపోయింది. కత్తితో కోసేశాను. లంగరు ఇప్పటికీ ఆ బురదలోనే ఉండాలి. తప్పు పూర్తిగా నాదే. గాలి లేకపోయినా అల వస్తుందన్న సంగతి ఆ రోజుదాకా నా బుర్రకెక్కలేదు.

దీనికి చాలా పెద్ద ఉదాహరణ 2009 ఫిబ్రవరిలో ఫ్లోరిడాలో జరిగింది. క్లియర్‌వాటర్ తీరానికి దూరంగా, గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నలుగురు స్నేహితులు 21 అడుగుల పడవలో చేపల వేటకి వెళ్లారు. వాళ్లలో ఇద్దరు అప్పటికి ఎన్.ఎఫ్.ఎల్. (అమెరికా ఫుట్‌బాల్ లీగ్) ఆటగాళ్లు, మార్క్విస్ కూపర్, కోరీ స్మిత్. తిరిగొచ్చే వేళకి లంగరు అడుగున ఇరుక్కుంది. తాడుని పడవ వెనక భాగానికి మార్చి కట్టి, ఇంజిన్‌తో ముందుకు లాగి ఊడబీకుదామనుకున్నారు. వెనక భాగం కిందికి దిగి, నీళ్లెక్కి, పడవ తిరగబడింది. ఫ్లోరిడా అధికారుల దర్యాప్తులో తేలింది ఇదే. ముగ్గురు చనిపోయారు, నిక్ స్కైలర్ ఒక్కడే బతికాడు. మా వాడి బోటు కూడా 21 అడుగులదే. ఈ సంగతి చెప్పాక కాసేపు వాడు మాట్లాడలేదు.

కాబట్టి వెనక లంగరు ఎప్పుడూ రెండోదే. ముందు భాగం ఇంకో లంగరుకో, ఒడ్డున చెట్టుకో కట్టి ఉన్నప్పుడే దాని అవసరం వస్తుంది.

దాని అసలు పని

మా వాడికి అవసరమైంది ఏమిటో కాసేపు కూపీ లాగితే బయటపడింది. టెక్సస్, ఓక్లహామా సరిహద్దులో లేక్ టెక్సోమా అనే జలాశయం ఉంది. రెడ్ రివర్ మీద కట్టిన డెనిసన్ డ్యామ్ వెనక నీళ్లవి. దాని ఒడ్డున ఇసుక మేటలుంటాయి. వారాంతంలో అక్కడికెళ్లి, ముక్కు ఒడ్డుకి పెట్టి, పిల్లల్ని దింపి, చికెన్ కాల్చుకుని సాయంత్రం రావాలని వాడి ప్లాను. ముక్కుని ఒడ్డున మేకుకి కడతాడు. అయితే పక్క నుంచి గాలి వీస్తే పడవ వెనక భాగం తిరిగి ఒడ్డుకి అడ్డంగా పడుతుంది. ఇసుకలో ఇంజిన్ ప్రొపెల్లర్ గీసుకుంటుంది, పక్క పడవలకీ తగులుతుంది. వెనక భాగాన్ని లోతు వైపు పట్టుకుని ఉంచడానికి ఒక చెయ్యి కావాలి. ఆ చెయ్యే వెనక లంగరు.

ఇంకో రెండు సందర్భాలున్నాయి. పడవలు కిక్కిరిసిన చోట గుండ్రంగా ఊగకుండా ఆపడం ఒకటి. చేపలు పట్టేటప్పుడు పడవ పక్క మారకుండా ఉంచడం మరొకటి. మొదటిదాని గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. చుట్టూ ఉన్న పడవలన్నీ ఒక్క లంగరు మీద ఊగుతున్నప్పుడు మీరొక్కరే రెండు వైపులా కట్టుకుని కదలకుండా ఉంటే, గాలి మారగానే వాళ్లు వచ్చి మిమ్మల్ని గుద్దుతారు. పక్కవాళ్లు ఎలా ఉంటే మీరూ అలాగే ఉండాలి.

ఒడ్డుకి ముక్కు పెట్టి వెనక లంగరు వేయడం పిక్నిక్ వాళ్లు కనిపెట్టింది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని, ట్యాంకుల్ని నేరుగా ఇసుక మీద దించే పడవలు ఇదే పని చేశాయి. ఒడ్డుకి కొంత దూరంలో వెనక లంగరు వదిలేసి, తాడు వదులుతూ పోయి ఇసుకెక్కేవి. సరుకు దించాక ఆ తాడునే చుట్టుకుంటూ తమని తాము వెనక్కి లాక్కునేవి. అలాంటి పడవల్లో వాడటానికి తేలికగా ఉండి గట్టిగా పట్టే లంగరు కావాల్సి వచ్చింది. అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ రూపొందించిన రెండు పలకల లంగరు ఆ కాలంలోనే పేరు తెచ్చుకుంది. మా వాడు స్క్రీన్ మీద చూపించిన మూడో బొమ్మ దాని సంతతే.

డాన్‌ఫోర్త్ రకం మీద అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటుంది. ఒక దిక్కు నుంచి లాగినంత సేపు అది అద్భుతంగా పట్టుకుంటుంది. గాలి తిరిగి లాగే దిక్కు మారితే మాత్రం ఊడి, బోర్లాపడి, మళ్లీ దిగకపోవచ్చు. పలకల మధ్య ఒక పుల్లో రాయో ఇరుక్కుంటే ఇక తెరుచుకోదు. రాత్రంతా ఒక్క లంగరు మీద పడవ ఊగుతూ ఉండాలంటే ఇది పెద్ద లోపమే. మరి వెనక లంగరు సంగతి? దాని ఎదురు చివర ఇంకో కట్టు ఉంటుంది కాబట్టి పడవ గుండ్రంగా తిరగలేదు. లాగే దిక్కు పెద్దగా మారదు. నేను మొదట్లో దోషం దోషం కాదన్నది దీన్నే. తేలిక, చదునుగా మడిచి సీటు కింద దోపుకోవచ్చు, బరువుతో పోలిస్తే పలకల వైశాల్యం ఎక్కువ. ఈ మూడూ వెనక లంగరుకి కావాల్సిన గుణాలే.

నాగలి, పార, పాతాళగరిగె

లంగరు బరువుతో పడవని ఆపుతుందని చాలామంది అనుకుంటారు. రాయి కట్టి వదిలే తెప్పల దగ్గర అది నిజమే. ఆధునిక లంగరు మట్టిలో దిగి, ఆ మట్టి ఎదురు నిలవడం వల్ల ఆపుతుంది. అందుకే ముందు అడగాల్సిన ప్రశ్న అడుగున ఏముంది అని.

తెలుసుకోవడానికి పాత నావికుల ఉపాయం ఒకటుంది. లోతు కొలిచే సీసపు గుండు అడుగున కొవ్వు పూసి వదిలేవారు. పైకి లాగి చూస్తే ఇసుక రేణువులో, బురదో, గులకరాళ్లో దానికి అంటుకుని ఉండేవి. ఏమీ అంటకపోతే అడుగున బండ అని అర్థం. మేము గ్రీజు పూసి చూసేవాళ్లం. హుస్సేన్‌సాగర్‌లో ఎప్పుడు చూసినా ఒకటే, నల్లటి ముద్ద, దాని వాసన. 1560ల్లో ఇబ్రహీం కుతుబ్ షా హయాంలో తవ్విన చెరువు. అన్నేళ్ల పూడిక, దాని మీద నగరం వదిలిన మురుగు.

అలాంటి మెత్తటి బురద లంగర్లకి అన్నిటికంటే కఠినమైన పరీక్ష. గట్టి ఇసుకలో చిన్న పలక కూడా పట్టుకుంటుంది, బురదలో మాత్రం వైశాల్యం కావాలి, లోతుగా దిగే కోణం కావాలి. ఫోర్‌ట్రెస్ కంపెనీ అల్యూమినియం లంగర్లలో ఆ కోణాన్ని మార్చుకునే వీలుంది. ఇసుకకి 32 డిగ్రీలు, మెత్తటి బురదకి 45. 2014లో అమెరికాలోని చెసపీక్ బేలో బురద మీద రకరకాల లంగర్లని లాగి చూసినప్పుడు 45 డిగ్రీల మీద పెట్టిన ఫోర్‌ట్రెస్‌కే ఎక్కువ పట్టు కనిపించింది. ఆ పరీక్ష చేయించింది ఫోర్‌ట్రెస్ కంపెనీయే అన్న సంగతి కూడా చెప్పాలి. అయినా బురదలో తేలిక పలకలే నెగ్గడం నా అనుభవానికి విరుద్ధం కాదు.

మొదటి బొమ్మ, నాగలి లంగరు. ఈ రకానికి మూలం 1933లో బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ రూపొందించిన సి.క్యు.ఆర్. దిక్కు మారినా దానితో పాటు తిరుగుతుంది, అది దాని గొప్పతనం. కానీ పొలం దున్నిన వాళ్లెవరినైనా అడగండి. నాగలి ఉన్నదే మట్టిని రెండు వైపులకీ తోసుకుంటూ ముందుకు పోవడానికి. పాత నాగలి లంగర్లు గట్టిగా లాగితే అదే చేస్తాయి, నెమ్మదిగా సాలు తీస్తూ జారతాయి. తర్వాతి తరంలో వచ్చిన స్పేడ్, రోక్నా లాంటివి నాగలిని తిరగేసి పారలా లోపలికి వంచాయి. పార మట్టిని పట్టి నిలుపుకుంటుంది. ముందు లంగరుగా నేనైతే ఈ పార రకమే తీసుకుంటాను. వెనక్కి మాత్రం అవి అక్కర్లేదు. మడత పడవు, మూలలు పొడుచుకుంటాయి, 21 అడుగుల బోటులో పిల్లల కాళ్ల దగ్గర అలాంటిది పెట్టుకోవడం తలనొప్పి.

రెండో బొమ్మ, గొడుగులా మడిచేది. దీన్ని చూడగానే మా అమ్మమ్మ వాళ్ల బావి గుర్తొచ్చింది. చేద బావిలో పడిపోతే పాతాళగరిగె కట్టి దింపేవారు. చుట్టూ కొక్కేలున్న ఇనప ముద్ద, దేన్నో ఒకదాన్ని పట్టుకుని పైకొస్తుంది. ఈ మడత లంగరు అచ్చంగా అదే. రాళ్ల సందులో, చెట్ల వేళ్లలో తగులుకుంటుంది. ఇసుకలో, బురదలో దాని సన్నటి వేళ్లు దువ్వెన జుట్టులో నడిచినట్టు నడుస్తాయి. చవక, సంచిలో పడుతుంది, అందుకే బాగా అమ్ముడుపోతుంది. మా వాడి ఇసుక ఒడ్డుకి ఇది పనికిరాదు. పుట్టగొడుగు ఆకారంలో ఉండేవి కూడా అంతే, చిన్న తెప్పకో కయాక్‌కో సరిపోతాయి.

అదే బోటుని నాగార్జునసాగర్ వెనక జలాల్లోకో, సోమశిల వైపు శ్రీశైలం నీళ్లలోకో తీసుకెళ్తే నా సలహా మారిపోతుంది. అక్కడ బండరాళ్లు, మునిగిన ఊళ్ల గోడలు, ఎండిన మొద్దులు. లంగరు పట్టకపోవడం కంటే పట్టింది వదలకపోవడమే పెద్ద భయం. లంగరుకి అడుగున ఉన్నది రాయా, గోడా, చెట్టా అని తెలియదు, అందింది పట్టుకుంటుంది. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు, కాకినాడ నుంచి వచ్చిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనప తాళ్లు వేసే ఆ బోటుని వెతికి పట్టింది. అక్టోబరులో పైకి తీసింది. వాళ్లకి కావాల్సింది ఆ పట్టే. మనకి మాత్రం సాయంత్రం ఇంటికెళ్లేటప్పుడు అది వదలాలి.

దానికొక చిట్కా ఉంది. గొలుసుని లంగరు కాడ (పొడవాటి కడ్డీ) చివరున్న రింగుకి కాకుండా, పలకలున్న అడుగు భాగానికి బిగించాలి. తర్వాత కాడ వెంబడి తెచ్చి, రింగు దగ్గర ఒక ప్లాస్టిక్ జిప్ టైతో కట్టాలి. మామూలుగా లాగినంత సేపు అది రింగు నుంచి లాగినట్టే పనిచేస్తుంది. ఇరుక్కున్నప్పుడు పడవని లంగరుకి సరిగ్గా పైకి తెచ్చుకుని, తాడుని ముందు క్లీటుకి కట్టి గట్టిగా గుంజితే టై తెగుతుంది. అప్పుడు లాగుడు అడుగు భాగానికి మారి, లంగరు వెనక్కి ఊడి వస్తుంది. అయిదు రూపాయల టై. ఇది పగటి పూట మనిషి దగ్గరుండే చోట మాత్రమే. రాత్రి పడుకోవడానికి ఈ కట్టు పనికిరాదు, గాలి కూడా ఆ టైని తెంపగలదు.

దండెం లెక్క

ఇక ఎంత పెద్దది కావాలి? అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వాడే పట్టికలో 20 అడుగుల పడవకి 15 నాట్ల గాలిలో, అంటే గంటకి 28 కిలోమీటర్ల వేగంలో, లంగరు మీద పడే లాగుడు 90 పౌండ్లు, దాదాపు 41 కిలోలు. గాలి 30 నాట్లయితే అది రెట్టింపు కాదు, నాలుగింతలు, 360 పౌండ్లు. గాలి వేగం రెట్టింపైతే దాని తోపు నాలుగింతలవుతుంది కాబట్టి. ఉక్కపోతగా ఉన్న మే సాయంత్రం ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తే హోర్డింగులు ఎలా కూలతాయో హైదరాబాద్ వాళ్లకి చెప్పక్కర్లేదు.

ఈ అంకెలు ముందు నుంచి కట్టిన పడవకి. రెండు వైపులా కట్టినప్పుడు పడవ గాలికి తిరగలేదు, పక్క వైపు మొత్తం గాలికి అప్పగిస్తుంది. పక్క వైశాల్యం ముక్కు వైపుకి రెండు మూడింతలుంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి.

మా బాల్కనీలో నైలాన్ దండెం ఉంది. దాన్ని వీణ తీగలా బిగించి కట్టాను, ముచ్చటగా ఉంటుందని. ఒక తడి జీన్స్ ప్యాంటు ఆరేశాం. గోడలో దిగ్గొట్టిన కొక్కెం పెచ్చుతో సహా ఊడొచ్చింది. ప్యాంటు బరువు రెండు కిలోలుండదు, కానీ బిగుతుగా ఉన్న తాడు మధ్యలో చిన్న బరువు వేలాడితే రెండు చివరలా దానికి ఎన్నో రెట్లు లాగుడు పుడుతుంది. పడవని ముందూ వెనకా బిగించి కట్టి, పక్క నుంచి 50 కిలోల గాలి తోస్తే జరిగేదీ అదే. తాళ్లు తిన్నటి గీత నుంచి 5 డిగ్రీలే వంగితే ఒక్కో లంగరు మీద దాదాపు 290 కిలోలు పడుతుంది. కాస్త వదులుగా కట్టి 30 డిగ్రీలు వంగనిస్తే అదే గాలికి ఒక్కో లంగరు మీద పడేది 50 కిలోలే. పెద్ద లంగరు కొనే డబ్బుతో వచ్చే భద్రత కంటే, రెండు అడుగుల వదులుతో వచ్చే భద్రత ఎక్కువ. అది ఉచితం కూడా. గాలి అంతకీ ఎక్కువైతే వెనక తాడు వదిలేసి ముక్కు మీద తిరగనివ్వడమే సరైన పని.

అందుకని వెనక లంగరుని ముందుదాని కన్నా ఒక సైజు తగ్గించినా ఫర్వాలేదు. మా వాడి బోటుకి 1.8 కిలోల అల్యూమినియం పలకల లంగరు చాలు. చేత్తో విసరగలగాలి, చేత్తో లాగగలగాలి. పది కిలోల ఇనప ముద్ద కొన్నవాళ్లు రెండోసారి దాన్ని బయటికి తీయరు.

బకెట్ పరీక్ష

నా లెక్కలో లంగరు ఎంపిక సగం పనే. మిగతా సగం తాడు, వెనక లంగరుకి ఆ సగమే ఎక్కువ ప్రమాదం. ఎందుకంటే ఆ తాడు ప్రొపెల్లర్‌కి రెండు అడుగుల దూరంలో ఉంటుంది.

సికింద్రాబాద్ రాణీగంజ్‌లో తాళ్ల దుకాణానికెళ్లి పడవకని అడిగితే నీలం రంగుదో ఆకుపచ్చదో మెరిసే తాడు ఇస్తారు. గట్టిదే, కాదనను. కానీ అది పాలీప్రొపిలీన్. దాని సాంద్రత 0.91, నీటి కంటే తక్కువ. నైలాన్‌ది 1.14. మొన్న బాల్కనీలో బకెట్ నింపి రెండు ముక్కలు వేసి మా వాడికి వీడియోలో చూపించాను. నీలం ముక్క వేలితో ఎన్నిసార్లు ముంచినా పైకొచ్చింది. తెల్లటి నైలాన్ ముక్క రెండు బుడగలు వదిలి అడుగుకి చేరింది. వెనక వదులైన తాడు నీటి మీద తేలుతూ ఉంటే, ఇంజిన్ స్టార్ట్ చేయగానే ప్రొపెల్లర్ దాన్ని చుట్టేసుకుంటుంది. నైలాన్‌కి ఇంకో మంచి గుణం కూడా ఉంది, సాగుతుంది. అల కొట్టిన కుదుపు లంగరుదాకా పోకుండా మధ్యలోనే మింగేస్తుంది. ఈ సైజు బోటుకి 10 మిల్లీమీటర్లది సరిపోతుంది.

ఎంత పొడవు? పతంగి ఎగరేసినవాళ్లకి ఇది తలకిందుల లెక్క. మాంజా నిటారుగా ఉంటే పతంగి మన నెత్తిన ఉంటుంది, వదులుతూ పోతే పక్కకి వాలుతుంది. లంగరు తాడు ఎంత పక్కకి వాలితే అంత మంచిది, మట్టి వెంబడి లాగుతుంది కాబట్టి. లోతుకి మూడింతల తాడు వదిలితే అది అడుగుతో 19 డిగ్రీల పైన కోణం చేస్తుంది, లంగరుని పైకి పెకలిస్తుంది. అయిదింతలకి 11, ఏడింతలకి 8 డిగ్రీలకి దిగుతుంది. లోతు అంటే పడవ ఉన్న చోటిది కాదు, లంగరు పడ్డ చోటిది. ఒడ్డు దగ్గర మోకాలి లోతులో బోటు ఉందని చూసి పది మీటర్ల తాడుతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. లంగరు దగ్గర రెండున్నర మీటర్ల లోతు, క్లీటు ఎత్తు మరో అర మీటరు, మొత్తం మూడు. ఏడింతలంటే 21 మీటర్లు.

తాడుకీ లంగరుకీ మధ్య రెండు మూడు మీటర్ల గొలుసు ఉండాలి. కోణాన్ని ఇంకా కిందికి దించుతుంది, రాయికి ఒరుసుకున్నా తెగదు. లంగరు అన్న మాట పారసీ నుంచి వచ్చింది. హైదరాబాద్ పాత కథల్లో ఆ మాటకి గొలుసు అన్న అర్థం కూడా ఉంది. చిన్నప్పుడు అబ్దుల్లా కుతుబ్ షాని మోసుకుని ఏనుగు అడవిలోకి పారిపోతే, కొడుకు క్షేమంగా తిరిగొస్తే ఏనుగు గొలుసంత బంగారు గొలుసు సమర్పిస్తానని తల్లి హయాత్ బక్షీ బేగం మొక్కుకుందని చెబుతారు. ఆ మొక్కు పేరే లంగర్. మనకి బంగారం అక్కర్లేదు, 6 మిల్లీమీటర్ల జింకు పూత గొలుసు చాలు.

తాడు చివర కట్టే చోటు గురించి కూడా చెప్పాలి. వెనక రెండు మూలల్లో ఉండే క్లీట్లే దానికి సరైనవి, అదీ లోపలి వైపు నట్టు కింద మందపాటి పలక ఉందో లేదో చూసుకున్నాక. పిల్లలు పట్టుకునే స్టీలు రెయిలింగుకి కట్టకూడదు. లాగుడు మీద ఉన్నప్పుడు కూడా విప్పగలిగేలా చుట్టాలి, నాలాగా బిగుసుకుపోయే ముడి వేయకూడదు. ఆ చివరకి ఒక అయిదు లీటర్ల ఖాళీ క్యాను కట్టి ఉంచితే, గాలి లేచినప్పుడు తాడు నీళ్లలో వదిలేసి వెళ్లి, తర్వాత వచ్చి తీసుకోవచ్చు.

వేసే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. ఒడ్డుకి 25 మీటర్ల దూరంలో, దాదాపు ఆగినంత నెమ్మదిలో, వెనక మూల నుంచి లంగరుని దించాలి, గిరాటేయకూడదు. ఒకరు తాడు వదులుతుంటే ఒకరు నడపాలి. తాడు వదిలేవాళ్ల పాదాలు చుట్ట మధ్యలో ఉండకూడదు. సగం దూరంలో క్లీటుకి ఒక చుట్టు వేసి లంగరు పట్టిందా అని చూడాలి. ఒడ్డు తగలగానే ఇంజిన్ ఆపి, పైకెత్తి, ఆ తర్వాతే పిల్లల్ని దించాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇంజిన్ వేయకుండా చేత్తో తాడు లాక్కుంటూ వెనక్కి రావాలి, యుద్ధపు పడవలు వచ్చినట్టే. ఒడ్డున పని ముగియడానికి ముందే నీటి మట్టం ఒకసారి చూసుకోవాలి, డ్యామ్ గేట్లు తెరిస్తే బోటు ఇసుక మీదే మిగిలిపోతుంది.

బుధవారం పొద్దున నేను కాఫీ తాగుతుంటే మా వాడు ఫొటో పంపాడు. పలకల లంగరు వచ్చిందట. కానీ ఫొటోలో ఉన్నది లంగరు కాదు, వాళ్లింటి స్నానాల గది బకెట్. నీళ్ల మీద పసుపు రంగు తాడు ముక్క తేలుతోంది. కింద రాశాడు, "ఇది లంగరు తోటి ఫ్రీగ ఇచ్చిండ్రు బావా. రిటర్న్ చెయ్యాల్నా, దండెం కట్టుకోవాల్నా?"